‘దూరం’ నుంచి వాయిదాకు: తిరుమల యాత్ర, ఋతుచక్రం

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల వాడుకలో ఋతుస్రావాన్ని ‘దూరం’, ‘బయట చేరడం’ అంటారు. ఈ మాటలు దేహంలో జరిగే మార్పును కాక, ఆ రోజుల్లో స్త్రీ ఉండవలసిన చోటును చెబుతాయి. ‘నెల తప్పడం’ మాత్రం దేహపు లెక్కను గుర్తించిన మాట. చోటుకు, లెక్కకు మధ్య పేచీ కొండయాత్రలో బయటపడుతుంది.

ఆ లెక్కను ప్రధానంగా నడిపేవి రెండు హార్మోన్లు. చక్రం తొలి భాగంలో అండాశయంలోని పుటిక స్రవించే ఈస్ట్రోజెన్ గర్భాశయపు లోపొరను పెంచుతుంది. దాని స్థాయి బాగా పెరిగినప్పుడు పీయూష గ్రంథి నుంచి ల్యూటినైజింగ్ హార్మోను ఉప్పెనలా వెలువడి, అండం విడుదలవుతుంది. మిగిలిన పుటిక కార్పస్ లూటియంగా మారి ప్రొజెస్టిరాన్‌ను స్రవిస్తుంది. గర్భం రాకపోతే సుమారు రెండు వారాల్లో అది క్షీణిస్తుంది, ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, పొర రాలుతుంది. అంటే స్రావానికి కారణం ఒక పదార్థం చేరడం కాదు, తగ్గిపోవడం. గర్భం వస్తే పిండపు వెలుపలి కణాల హార్మోను కార్పస్ లూటియాన్ని నిలబెడుతుంది, నెల తప్పుతుంది.

సుశ్రుతసంహిత ఋతుకాలాన్ని పన్నెండు రాత్రులుగా లెక్కించి, అది గడిచాక యోని సాయంకాలపు తామరలా ముడుచుకుంటుందని చెప్పింది. పరిశీలన గొప్పదే కాని, అందులో హార్మోన్లను వెదకడం అతివ్యాఖ్యానం. ప్రొజెస్టిరాన్‌ను శుద్ధరూపంలో వేరుచేసింది 1934లో. నోటి ద్వారా తీసుకుంటే అది సరిగా పనిచేయలేదు. ఆ లోటు తీర్చిన నోరెథిస్టిరాన్‌ను 1951లో మెక్సికో నగరంలోని సింటెక్స్ ప్రయోగశాలలో, కార్ల్ జెరాసీ బృందంలోని లూయీస్ మిరామోంటెస్ తయారుచేశాడు. ప్రపంచచరిత్రలో దాని పేరు గర్భనిరోధానికి ముడిపడింది. తెలుగు ఇళ్ళలో మాత్రం పెళ్ళికి, వ్రతానికి, తిరుమల యాత్రకు ముందు ‘డేటు’ జరిపే మాత్రగానే ఎక్కువ పరిచయం. స్రావం రావలసిన రోజుకు సుమారు 3 రోజుల ముందు మొదలుపెడితే, వాడినన్నాళ్ళూ లోపొర నిలుస్తుంది. ఆపిన 2, 3 రోజులకు స్రావం వస్తుంది.

ఈ వాడుకకు భక్తి ఒక్కటే కారణం అనడం చాలదు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టును నెలల ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. 21 నుంచి 35 రోజుల దాకా మారగల చక్రం అంత ముందుగా లెక్కకు అందదు. తేదీ చేతిలో ఉన్న యాత్రికురాలు తలస్నానం దాకా ఆగగలదు. టికెట్టు మీద తేదీ పడిన తర్వాత ఇంటిల్లిపాదీ ఆమె కోసం ఆగరు. హార్మోను శాస్త్రం ఇక్కడ ‘దూరం’ నియమాన్ని ప్రశ్నించలేదు, దాని పాటింపును సులభం చేసింది. సర్దుబాటు భారం మాత్రం మళ్ళీ స్త్రీ దేహం మీదే పడింది: రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారు, గతంలో వచ్చినవారు ఈ మాత్ర వాడకూడదు. వైద్యుని చూడకుండా నేరుగా మందుల దుకాణంలో కొన్నప్పుడు ఆ సంగతి అడిగేవారుండరు.