టకటకా? దడదడా? – బరంపురంలో అంబాసిడర్ కథ

గంజాం జిల్లాలో ఎక్కువ భాగం 1936 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి అప్పటి ఒరిస్సాలో కలిసింది. ఈ సంగతి మనం సాంఘిక శాస్త్రంలో చదువుకున్నాం. రాష్ట్రం మారినా మన ఊరి మీదుగా పోయే పెద్ద రోడ్డు మాత్రం మారలేదు. దానికి అటు చివర కలకత్తా, ఇటు చివర మద్రాసు. మొన్నటిదాకా 5వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 16వ నంబరు. ఆ రోడ్డు మీద యాభై ఏళ్లకు పైగా తిరిగిన ఒక కారు గురించీ, దాని చప్పుడు విని రోగం చెప్పిన మన వాళ్ల విద్య గురించీ ఈ వ్యాసంలో రాస్తున్నాను.

హిందుస్థాన్ మోటార్స్ కంపెనీ 1942లో మొదలైంది. ముందు గుజరాత్‌లోని ఓఖా రేవులో ఉండేది. 1948లో కలకత్తా దగ్గరి ఉత్తరపారాకు మారింది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో 1950ల చివర్లో అక్కడ అంబాసిడర్ తయారీ మొదలుపెట్టారు. మన బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు 1969లో రాష్ట్రపతి అయ్యేనాటికి అఫీసర్ల కారు అంటే అదే, స్టేషను దగ్గర టాక్సీ అన్నా అదే.

మా తాతగారు టాక్సీ నడిపేవారు. ఈ సంగతులు నాకు చెప్పింది ఆయనే. ఒకసారి ఆయన పెట్రోలు అంబాసిడర్ నిలబెట్టి ఉంచినప్పుడు చప్పుడు చేయడం మొదలెట్టింది. రోడ్డెక్కి వేగం అందుకుంటే వినబడేది కాదు, ఆగితే మళ్లీ మొదలు. ఒక షెడ్డులో చూపిస్తే బేరింగులు పోయాయి, ఇంజను మొత్తం విప్పాలి అన్నారు. అంత డబ్బు కావాలంటే మా నాయనమ్మ గాజులు తాకట్టు పెట్టాలి, లేదా కారు అమ్మేయాలి. కారు అమ్మితే ఇంటికి రాబడి లేదు. తాతగారు ఆ రెండూ చేయకుండా ఇంకో ముసలి మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లారు.

ఆ మేస్త్రీ ముందు ఏమీ విప్పలేదట. బానెట్ ఎత్తి ఇంజను నడుస్తూ ఉండగా కాసేపు విన్నాడు. వదులుగా ఉండి చప్పుడు చేసేవి ఏవైనా ఉన్నాయా అని సైలెన్సర్ క్లాంపు, డైనమో బ్రాకెట్టు, ఇంజను మౌంటింగులు ఒక్కొక్కటే కర్రతో అదిమి చూశాడు. తేడా రాలేదు. తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకున్నాడు. 1816లో ఫ్రాన్సు డాక్టరు లెనెక్ కాగితం గొట్టంగా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు, స్టెతస్కోపు అలా పుట్టింది. మన మేస్త్రీల స్క్రూడ్రైవర్ చేసే పనీ అదే.

"ఇది దడదడ కాదు బాబూ, టకటక. ఇంజను విప్పొద్దు," అన్నాడట.

నాకు ఈ వ్యాసంలో ముఖ్యమైన మాట ఇదే. ముందు భాగంలో గరగరమంటే టైమింగ్ చైను వదులైనట్టు. కింద నుంచి దడదడమని బరువుగా వచ్చి, రేజ్ చేస్తే ఇంకా పెరిగితే బేరింగు. పైన టకటకమని తేలికగా ఒకే లెక్కలో వస్తే ట్యాపెట్లు. వాల్వు రెండు చుట్లకు ఒక్కసారే తెరుచుకుంటుంది. ఇంజను నిమిషానికి 600 చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు 300 సార్లు, అంటే సెకనుకు అయిదు. చెవితో లెక్కపెట్టగలిగేంత నెమ్మది.

అయినా మేస్త్రీ అనుమానం తీర్చుకున్నాడు. ఒక్కో ప్లగ్గు వైరు తీసి చూశాడు. బేరింగు పోయి ఉంటే ఆ సిలిండరు వైరు తీయగానే దడ తగ్గాలి. చప్పుడులో మార్పు లేదు. అప్పుడు పైమూత తీసి, నడుస్తున్న ఇంజనులోనే ఫీలర్ గేజ్ రేకు ఒక్కో ట్యాపెట్ సందులో దూర్చాడు. ఒకచోట రేకు దూరగానే టకటక ఆగిపోయింది. దొంగ దొరికాడు. (ఇవి పెద్దలు చేసే పనులు. ఫ్యాను తిరుగుతుంది, వైరు షాకు కొడుతుంది.)

బాగు చేయడం ఇంజను ఆపి, చల్లారాక. ఉండాల్సిన సందు పదిహేను థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను, సుమారు 0.38 మిల్లీమీటరు. ఎనిమిది వాల్వులకు ఒక సులువైన లెక్క ఉంది: మొత్తం తొమ్మిది రావాలి. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సర్దాలి, ఏడోది తెరుచుకుంటే రెండోది. హ్యాండిల్‌తో ఇంజను తిప్పుకుంటూ, లాక్ నట్ వదులు చేసి, స్క్రూ తిప్పి, మళ్లీ బిగించాడు. ఒక పూటలో అయిపోయింది. నాయనమ్మ గాజులు చేతికే ఉన్నాయి.

చప్పుడు అసలు లేకుండా బిగించమని తాతగారు అడిగారట. మేస్త్రీ ఒప్పుకోలేదు. వేడికి లోహం సాగుతుంది, సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. కొంచెం టకటక ఉంటేనే ఆ ఇంజనుకి ఆరోగ్యం.

2014 మేలో ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగింది. ఇప్పటి చాలా కార్లలో ట్యాపెట్లు ఆయిలు ఒత్తిడితో వాటంతటవే సర్దుకుంటాయి. తప్పు ఎక్కడుందో చాలావరకు కంప్యూటరు చెబుతుంది. అది మంచిదే. కానీ టకటక, దడదడ, గరగర అన్న మూడు మాటల్లో మూడు రోగాలు దాచిన ఆ మేస్త్రీ ఏమీ రాసిపెట్టలేదు. ఆయన విద్య తెలుగులో నోటిమాటగానే ఉండేది. మన బడిలో చదివేవాళ్ల ఇళ్లలో డ్రైవర్లు, మేస్త్రీలు, నేతగాళ్లు, కంసాలులు ఉన్నారు. వాళ్ల పనిమాటలు అడిగి ఒక నోటుబుక్కులో రాసి ఉంచండి. నా పుస్తకంలో ఇప్పటికి ఇరవై మూడు మాటలు చేరాయి.