పేరు లినోలియం, పరిచేది వినైల్



మా మొహల్లాలో ఫ్లోర్ షీట్లు అమ్మే దుకాణానికి పోయి "లినోలియం ఉందా భాయ్?" అని అడిగితే, దుకాణందారు మారుమాట లేకుండా పీవీసీ రోల్ తీసి పరుస్తాడు. పేరు ఒకటి, మాల్ ఇంకొకటి. అడిగేవాళ్లకీ పట్టదు, అమ్మేవాళ్లకీ పట్టదు. కానీ ఈ రెండింటి తారీఖ్ వేరు, మిజాజ్ వేరు, మరమ్మతు చేసే తరీఖా కూడా వేరు. ఒక్కోచోట ఆ తేడా తెలియకపోతే జాన్‌కే ఖత్రా. అదెలాగో కాస్త కిందికి వెళ్లాక చెబుతాను.

ముందు మన ఫర్ష్ సంగతి. హైదరాబాద్ పాత ఇళ్లలో షాబాద్ బండలు, తాండూరు బండలు. ఆంధ్రా వైపు బేతంచెర్ల, కడప బండలు. వాటి మీద షతరంజీ, షతరంజీ మీద తెల్లటి చాందినీ, భోజనం వేళకి దస్తర్‌ఖాన్. మన వరంగల్ ఖాలీన్లు 1851లో లండన్‌లో జరిగిన మహా నుమాయిష్‌దాకా వెళ్లొచ్చాయి. అయితే గమనించండి, మన పరుపులన్నీ ఎత్తగలిగేవే. పరుస్తాం, దులుపుతాం, ఎండలో వేస్తాం, చుట్టి మూలన పెడతాం. నేలకి గమ్ముతో అంటించేసి ఇరవై ఏళ్లు వదిలేయడం మన రివాజు కాదు. అది విలాయత్ నుంచి వచ్చింది. చలి దేశం, చెక్క నేల, ఇంట్లో కూడా కాళ్లకి జోళ్లు. వాళ్లకి తుడిస్తే శుభ్రమయ్యేది, కదలకుండా పడి ఉండేది కావాలి.

మొదట్లో వాళ్లు కాన్వాస్ గుడ్డకి పొరలు పొరలుగా నూనె రంగు పూసి నేల మీద పరిచేవాళ్లు. ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఇంగ్లీషాయన, రంగు డబ్బాలో అవిసె నూనె మీద గట్టిపడ్డ మీగడ లాంటి పొరని చూసి, ఇది రబ్బరుకి బదులు పనికొస్తుందే అనుకున్నాడు. మనం అల్సీ అంటామే, అదే అవిసె. ఆ నూనెని గాలి తగిలేలా ఎండబెట్టి, బెండు పొడి కలిపి, జనపనార గుడ్డ మీద ఒత్తించాడు. 1863లో పేటెంట్ తీసుకున్నాడు. లాటిన్‌లో లినమ్ అంటే అవిసె, ఓలియమ్ అంటే నూనె. అలా పుట్టింది లినోలియం.

ఇందులో మన హిస్సా కూడా ఉంది, కాకపోతే ఎవరూ చెప్పరు. ఆ రోజుల్లో బ్రిటన్‌కి అవిసె గింజలు ఓడలకొద్దీ హిందుస్తాన్ నుంచి వెళ్లేవి. వెనక గుడ్డకి కావలసిన జనపనార బెంగాల్ నుంచి స్కాట్లాండ్‌లోని డండీ మిల్లులకి చేరేది. ముడిసరుకు మన రైతుది, పేటెంట్ విలాయత్‌ది.

ఇక అదాలత్ కిస్సా. స్కాట్లాండ్‌లో కిర్కాల్డీ అనే ఊళ్లో మైకేల్ నెయిర్న్ కుటుంబానికి నేలగుడ్డల కార్ఖానా ఉండేది. 1847లో ఆయన అంత పెద్ద కార్ఖానా కడితే ఊరివాళ్లు "నెయిర్న్ పిచ్చి" అని నవ్వారట. వాల్టన్ పేటెంట్ గడువు తీరాక 1877లో వాళ్లూ లినోలియం మొదలుపెట్టి, అదే పేరుతో అమ్మారు. ఆ పేరు నాది అని వాల్టన్ వాళ్లు దావా వేశారు. 1878లో కోర్టు ఏమందంటే, ఆ సరుకుకి వేరే పేరే లేదు, కాబట్టి అది అందరి పేరు. ఫైసలా అయిపోయింది. తర్వాత మన దుకాణందారు పీవీసీని కూడా అదే పేరుతో అమ్ముతున్నాడు, పాపం వాల్టన్!

వినైల్ కథ వేరే. 1872లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త బౌమాన్ ఎండలో పెట్టిన సీసాలో తెల్లటి పొడి పేరుకోవడం చూశాడు. అదే పీవీసీ. గట్టిగా, పెళుసుగా ఉండి ఎవరికీ పనికి రాలేదు. 1926లో అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సిమన్, లోహానికి రబ్బరు అంటించే జిగురు కోసం వెతుకుతూ, దాన్ని ఒక ద్రావకంలో వేడి చేస్తే మెత్తగా సాగే పదార్థం దొరికింది. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో వినైల్ టైల్స్ జనానికి చూపించారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ధర తగ్గింది, రంగులు పెరిగాయి, లినోలియం వెనక్కి తగ్గింది. పూర్తిగా పోలేదు, కిర్కాల్డీలో ఇప్పటికీ తయారవుతోంది.

ఇప్పుడు ఖత్రా సంగతి. ఆ షికాగోలోనే మా ఖాలా కొడుకు 1950లలో కట్టిన ఇల్లు కొన్నాడు. వీడియో కాల్‌లో బేస్‌మెంట్ చూపించాడు. తొమ్మిది అంగుళాల చదరపు టైల్స్, అక్కడక్కడా విరిగి, కింద నల్లటి గమ్ము. "ఆపా, ఈ శనివారం నేనే పెళ్లగించి, మిషన్‌తో రుద్దేస్తా. పిల్లలకి ఆటల గది చేద్దాం" అన్నాడు. "ఒక్క టైల్ కూడా ముట్టుకోకు" అన్నాను.

ఎందుకంటే ఆ జమానాలో టైల్స్ గట్టిగా ఉండాలని, నిప్పుకి తట్టుకోవాలని ఆస్బెస్టాస్ కలిపేవాళ్లు. తొమ్మిది అంగుళాల సైజు ఆ కాలపు నిశానీ. తర్వాతి పన్నెండు అంగుళాల వాటిలోనూ, కొన్ని షీట్ల వెనక పొరలోనూ, నల్ల గమ్ములోనూ అది ఉండొచ్చు. కదపకుండా ఉంటే ముప్పు తక్కువ. పగలగొట్టినా, గీకినా, రుద్దినా కంటికి కనిపించని పోగులు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లో కూర్చుంటాయి. జబ్బు బయటపడేది దశాబ్దాల తర్వాత. అమెరికా ప్రభుత్వం 1989లో దాదాపు అన్ని ఆస్బెస్టాస్ సరుకుల్నీ నిషేధిస్తే, 1991లో అక్కడి కోర్టు చాలావరకు కొట్టేసింది. క్రిసోటైల్ రకం మీద నిషేధం 2024లో గానీ రాలేదు. మన దగ్గర సిమెంటు రేకుల రూపంలో ఇంకా అమ్ముతూనే ఉన్నారు, అది వేరే వ్యాసం.

ల్యాబ్‌లో చూపిస్తే టైల్‌లోనూ గమ్ములోనూ ఆస్బెస్టాస్ ఉందని తేలింది. విరిగిన వాటిని లైసెన్స్ ఉన్నవాళ్లు వచ్చి తీశారు. మిగతా వాటి మీదే, గమ్ము పెట్టకుండా ఒకదానిలో ఒకటి బిగించే రకం కొత్త ఫ్లోర్ పరిచారు. ఖర్చు పెరిగింది. పిల్లలు అక్కడే ఆడుతున్నారు.

మన దగ్గర కొత్తగా కొనేవాళ్లకి ఆ భయం లేదు గానీ, ఎహ్తియాత్ వేరే రకం. దుకాణంలో షీట్ మొత్తం మందం మాత్రమే చెప్తారు. అసలు అడగాల్సింది పైన ఉండే పారదర్శక పొర మందం. డిజైన్‌ని కాపాడేది అదే. దాన్ని మిల్‌లలో చెప్తారు. మిల్ అంటే మిల్లీమీటరు కాదు, అంగుళంలో వెయ్యో వంతు. ఇంటికి పన్నెండు మిల్, అంటే సుమారు 0.3 మిల్లీమీటరు ఉంటే మంచిది. పిల్లలు, కుర్చీలు, రాకపోకలు ఎక్కువుంటే ఇరవై.

గ్రౌండ్ ఫ్లోర్ అయితే చెమ్మ చూసుకోండి. ఒక ప్లాస్టిక్ కవరు నేల మీద పరిచి నాలుగు వైపులా టేపు అంటించి రెండు రోజులు వదిలేయండి. కింద నీటి బొట్లు కనిపిస్తే వినైల్ వద్దు, లోపల బూజు పడుతుంది. షాబాద్ బండల మీద పల్చటి షీట్ వేస్తే బండల సందులన్నీ పైకి గీతల్లా కనబడతాయి. ముందు సందులు పూడ్పించండి. వుజూ చేసి తడి కాళ్లతో వచ్చే దారిలో నున్నటి మెరుపు రకం అస్సలు వద్దు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లుంటే. ఈ ఒక్క విషయంలో అందం మాట వినకండి.

మరమ్మతు ఇంట్లోనే చేసుకోవచ్చు. మూల లేస్తే గుడ్డ పరిచి గోరువెచ్చటి ఇస్త్రీ పెట్టె ఆనించండి, మెత్తబడుతుంది. కింద దుమ్ము తుడిచి, గమ్ము రాసి, బియ్యం బస్తా పెట్టి ఒక రోజు వదిలేయండి. పైన చెప్పిన పాత టైల్స్‌కి మాత్రం ఇది చేయొద్దు. బుడగ వస్తే బ్లేడుతో సన్నగా కోసి, సిరంజితో గమ్ము పంపి, చపాతీ కర్రతో ఒత్తండి.

వేడి హాండీ పెట్టి కాల్చేస్తే అతుకు తప్పదు. మిగులు ముక్కని కాలిన చోట మీద డిజైన్ కలిసేలా పెట్టి, టేపు వేసి, ఇనుప స్కేలు ఆనించి రెండు పొరల్నీ ఒకేసారి కోయాలి. అప్పుడు అతుకు అచ్చం సరిపోతుంది, సందు కనబడదు. ఎక్కడ కోయాలో చూసుకోండి: డిజైన్‌లో గీత ఉంటే దాని వెంటే కోస్తే పరాయివాళ్లు కనిపెట్టలేరు.

రబ్బరు అడుగు ఉన్న మ్యాట్లు వినైల్ మీద వేయకండి. కొన్నాళ్లకి పచ్చటి మరక పడుతుంది, అది ఏ సబ్బుకీ పోదు. బాత్రూమ్ యాసిడ్ కూడా దూరం. ఇక మేస్త్రీ పని ముగించి వెళ్లేటప్పుడు మిగులు ముక్కని చెత్తలో వేయనివ్వకండి. మడత పెట్టకుండా, డిజైన్ బయటికి ఉండేలా చుట్టి తఖ్త్ కింద పెట్టేయండి. రెండేళ్లకి అదే రంగు బజారులో వెతికినా దొరకదు.