ఇరాక్ యుద్ధం: మారణాయుధాల వివాదం
2003 మార్చి 20న అమెరికా, బ్రిటన్ ఇరాక్‌పై దండెత్తాయి. ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుసేన్ సామూహిక విధ్వంస ఆయుధాలు దాచాడన్నది వాటి ప్రధాన వాదన. అంతకుముందు ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐరాస భద్రతా మండలిలో చిన్న సీసా ఎత్తి చూపి ఆంత్రాక్స్ ముప్పును వివరించారు. ఆయన చెప్పిన సంచార జీవాయుధ ప్రయోగశాలల కథకు మూలం ‘కర్వ్‌బాల్’ అనే మారుపేరున్న ఇరాకీ శరణార్థి. అది కట్టుకథని తర్వాత తేలింది. ఇరాక్ నైజర్ నుంచి యురేనియం కొనజూసిందన్న పత్రాలు నకిలీవని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ మార్చి 7నే తేల్చిచెప్పింది. మిగిలిన తనిఖీకి నెలలు పడతాయని ఐరాస ఆయుధ తనిఖీ అధిపతి హాన్స్ బ్లిక్స్ అదే రోజు వివరించారు. ఆ నెలలు ఇవ్వకపోవడమే క్షమించరాని తప్పు. యుద్ధం తర్వాత ఆయుధాల కోసం వెతికిన అమెరికా బృందం 2004లో ఇచ్చిన డ్యూల్ఫర్ నివేదిక అలాంటి నిల్వలు లేవంది. సద్దాం క్రూరత్వం చూపి యుద్ధాన్ని సమర్థించేవారున్నారు. కానీ మండలి ముందు పెట్టిన ప్రధాన కారణం అది కాదు. శాంతి మార్గాలన్నీ ప్రయత్నించకుండానే యుద్ధానికి దిగారని బ్రిటన్‌లో చిల్‌కాట్ విచారణ 2016లో నిర్ధారించింది.