వివాహ షరతు (ఉద్యోగ నియమం)

పెళ్లయిన స్త్రీని ఉద్యోగంలో చేర్చుకోకుండా, లేదా ఉద్యోగంలో ఉండగా పెళ్లి చేసుకుంటే రాజీనామా కోరేలా ఉండే నిబంధనను వివాహ షరతు అంటారు. భారతదేశంలో ఇది అఖిల భారత సర్వీసులు మొదలుకొని విమానయానం, సైనిక నర్సింగ్, మందుల కంపెనీల వరకు కనిపించింది. పురుష ఉద్యోగులకు ఇలాంటి షరతు సాధారణంగా ఉండేది కాదు.

ఇతర దేశాలలోనూ ఇది సుపరిచితమే. బ్రిటన్‌లో ఉపాధ్యాయినులకు 1944లో, స్వదేశీ సివిల్ సర్వీసులో 1946లో తొలగింది. అక్కడి దౌత్య శాఖలో మాత్రం 1970ల తొలినాళ్ల దాకా సాగింది. కొందరు 1972 అని రాసినా, 1973 అనేదే ఎక్కువగా కనిపిస్తుంది. ఆస్ట్రేలియా ప్రభుత్వ సర్వీసులో 1966లో, ఐర్లండ్‌లో 1973లో రద్దయింది. భారతీయ నిబంధనలను వలస పాలన వదిలివెళ్లిన ఆచారంగా చూపడం పరిపాటి. అయితే వాటిలో ముఖ్యమైనవి 1954, 1961 నాటివి. అంటే లింగ వివక్షను నిషేధించిన రాజ్యాంగంలోని 15, 16 అధికరణాలు అమల్లోకి వచ్చాక మనవాళ్లు రాసుకున్నవే. కనుక వారసత్వం అన్న వివరణ సగం వరకే సరిపోతుంది.

సివిల్ సర్వీసులు

తొలి మహిళా ఐఏఎస్ అధికారి అన్నా రాజం జార్జ్ (తర్వాత మల్హోత్రా) 1951లో మద్రాసు రాష్ట్ర కేడర్‌లో చేరారు. పెళ్లి చేసుకుంటే ఉద్యోగం పోతుందని తన నియామక ఉత్తర్వులోనే ఉండేదని ఆమె అనంతర కాలంలో చెప్పారు. ఆ షరతు రెండేళ్లకే పోయిందని పత్రికా వ్యాసాలు రాస్తుంటాయి. కానీ 1954 నాటి ఐఏఎస్ నియామక నిబంధనల్లో అదే షరతు కాస్త మెత్తబడి మళ్లీ కనిపిస్తుంది: వివాహితకు నియామకం హక్కు కాదు, చేరాక పెళ్లి చేసుకుంటే, సర్వీసు సామర్థ్యం కోసం అవసరమనుకుంటే కేంద్రం రాజీనామా కోరవచ్చు. దీన్ని 1970ల మొదట్లో గాని తీసేయలేదు. షరతు రూపం మార్చుకుని కొనసాగిందనడమే సమంజసం.

జిల్లా జడ్జి పదవికి వివాహితలను అనర్హులను చేసిన ఒరిస్సా నిబంధనను ఆ రాష్ట్ర హైకోర్టు 1969లో కొట్టివేసింది.

ముత్తమ్మ కేసు

కొడగుకు చెందిన సి.బి. ముత్తమ్మ (1924–2009) భారత విదేశాంగ సర్వీసులో చేరిన తొలి మహిళ. ఆమె చేరిన ఏడాదిని 1948 అనీ 1949 అనీ రాస్తారు. పరీక్ష నెగ్గింది 1948లో, చేరింది 1949లో అనుకుంటే రెండూ పొసగుతాయి. పెళ్లి చేసుకుంటే రాజీనామా ఇస్తానని చేరేటప్పుడే హామీ రాయించుకున్నారన్నది ఆమె ఫిర్యాదు. 1961 నాటి ప్రవర్తనా నియమావళిలోని 8(2) ప్రకారం మహిళా అధికారి పెళ్లికి ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఇంటి బాధ్యతలు పనికి అడ్డొస్తాయనుకుంటే ప్రభుత్వం రాజీనామా అడగవచ్చు. నియామకాల నిబంధన 18(4) వివాహితకు ఉద్యోగం హక్కు కాదన్నది. 1970లో హంగరీకి రాయబారిగా వెళ్లిన ముత్తమ్మ, పై గ్రేడుకు పదోన్నతి నిరాకరించడంతో నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లారు.

ఆ నిబంధనలను సుప్రీంకోర్టు కొట్టివేసిందని చాలా సంకలనాలు రాస్తాయి. 1979 సెప్టెంబరు 17 నాటి తీర్పు చదివితే సంగతి వేరు. 8(2)ను అప్పటికే తొలగించామనీ, 18(4) కూడా పోతున్నదనీ ప్రభుత్వం చెప్పింది. ఈలోగా పదోన్నతీ ఇచ్చింది. దాంతో కోర్టు పిటిషన్‌ను తోసిపుచ్చింది. సాంకేతికంగా ఇది ఓడిన కేసే. కానీ జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ నిబంధనలను తూర్పారబట్టారు: సంసారం స్త్రీ పనికి అడ్డమైతే పురుషుడి పనికీ అడ్డమే కదా అన్నది ఆయన తర్కం. ముత్తమ్మ సీనియారిటీని పునఃపరిశీలించాలనీ, వివక్ష మరకలున్న సర్వీసు నిబంధనలన్నిటినీ సరిచేయాలనీ ఆదేశించారు. కొన్ని ఉద్యోగాల ప్రత్యేకత వల్ల తేడా తప్పకపోవచ్చన్న మినహాయింపూ ఆ తీర్పులోనే ఉంది. కేసును పొగిడేవారు దాన్ని ఎక్కువగా ప్రస్తావించరు.

కంపెనీలు, విమానాలు

ముత్తమ్మ కేసుకు ముందే బొంబాయిలోని ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ విభాగంలో పెళ్లితో ఉద్యోగం పోయే షరతును కార్మిక సంఘం సవాలు చేసి నెగ్గింది. తీర్పు 1965లో వచ్చింది. లా రిపోర్టు సంవత్సరాన్ని బట్టి కొందరు 1966 అని రాస్తారు. పెళ్లయినవారు ఎక్కువ సెలవులు పెడతారన్న యాజమాన్య వాదన నిలవలేదు. ఇక్కడ ఆధారం పారిశ్రామిక వివాదాల చట్టమే గాని, రాజ్యాంగం కాదు. సామాన్య కార్మికురాళ్ల తరఫున సంఘం సాధించిన ఈ గెలుపు ముత్తమ్మ కేసంతగా ప్రచారం పొందలేదు.

ఎయిర్ ఇండియా–నర్గీస్ మీర్జా కేసు (1981) అడుగు వెనక్కి వేసింది. ఎయిర్ హోస్టెస్‌లు 35 ఏళ్లు నిండినా, చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకున్నా, మొదటిసారి గర్భం దాల్చినా ఉద్యోగం వదలాలన్నది అప్పటి నిబంధన. అదే విమానంలో పనిచేసే మగ పర్సర్లకు పదవీ విరమణ వయసు 58. వారిది వేరే కేడర్ కాబట్టి పోలిక కుదరదని కోర్టు తేల్చింది. గర్భం షరతును అమానుషమని కొట్టివేసింది. 45 ఏళ్ల దాకా పొడిగించే అధికారాన్ని మేనేజింగ్ డైరెక్టర్ ఇష్టానికి వదిలేయడాన్నీ రద్దు చేసింది. నాలుగేళ్ల పెళ్లి నిషేధాన్ని మాత్రం నిలబెట్టింది. అందుకు చెప్పిన కారణాల్లో కుటుంబ నియంత్రణ కార్యక్రమానికి మేలు జరుగుతుందన్నదీ ఒకటి! లింగంతో పాటు మరో కారణం తోడైతే అది 16(2) కిందికి రాదన్న వ్యాఖ్యానం తర్వాత చాలా విమర్శకు గురైంది.

తర్వాతి పరిణామాలు

మిలిటరీ నర్సింగ్ సర్వీసులో పెళ్లి కారణంగా తొలగించడానికి వీలిచ్చిన 1977 నాటి ఆదేశాన్ని 1995లో ఉపసంహరించారు. దాని కింద 1988లో ఉద్యోగం పోగొట్టుకున్న ఒక అధికారిణికి సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో రూ. 60 లక్షల పరిహారం ఇప్పించింది.

శ్రీపెరంబుదూరులోని ఫాక్స్‌కాన్ ఐఫోన్ కర్మాగారంలో వివాహితలను తీసుకోవడం లేదని రాయిటర్స్ 2024 జూన్‌లో రాసింది. వివక్ష ఆరోపణను కంపెనీ ఖండించింది. కేంద్ర కార్మిక శాఖ 1976 సమాన వేతన చట్టాన్ని ప్రస్తావిస్తూ తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. ఆ చట్టం నియామకాల్లో స్త్రీలపై వివక్షను నిషేధించింది. అయితే వైవాహిక స్థితిని విడిగా పేర్కొనలేదు. దాని స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడ్ కూడా పేర్కొనదు.