సూపర్ కంప్యూటర్ విశ్లేషకుడి బల్ల మీదికి ఎలా వచ్చింది?

కిందటి పాఠంలో కంప్యూటర్ల వేగం దశాబ్దాల వారీగా ఎలా పెరిగిందో చదివారు. ఈ పాఠంలో మనం అడిగే ప్రశ్న వేరు. ఆ వేగం ఎవరి చేతిలో ఉంది? ఒక యంత్రం సెకనుకు కోట్ల లెక్కలు చేయగలగడం ఒక సంగతి. బ్యాంకులోనో బీమా సంస్థలోనో పనిచేస్తూ, కంప్యూటర్ శాస్త్రం చదవని మనిషి దానికి తన ప్రశ్న తానే వేయగలగడం మరో సంగతి. ఈ రెండింటి మధ్య దూరాన్ని తగ్గించినవి ప్రధానంగా వేగవంతమైన యంత్రాలు కావనీ, యంత్రానికీ మనిషికీ నడుమ వచ్చిన భాషలూ పనిముట్లూ అనీ నా అభిప్రాయం. దానికి ఆధారాలు చూపుతాను. అంగీకరించాలో లేదో మీరే నిర్ణయించుకోండి.

ఆర్థిక విశ్లేషకుడికి అంత లెక్క ఎందుకు?

కామర్స్ విద్యార్థులకు ఈ సందేహమే ముందు వస్తుంది. జమాఖర్చులకు సూపర్ కంప్యూటర్ ఎందుకు? నిజమే, జమాఖర్చులకు అక్కర్లేదు. మరో రకం లెక్క చూడండి. ఒక షేరు ధర ఇవాళ 100 రూపాయలు. ఏడాది తర్వాత దాన్ని 110 రూపాయలకు కొనే హక్కును మీకు ఎవరో అమ్ముతామన్నారు. కొని తీరాలన్న నిర్బంధం లేదు, హక్కు మాత్రమే. దీన్నే ఆప్షన్ అంటారు. ఆ హక్కుకు ఇవాళ ఎంత చెల్లించవచ్చు?

ఇలాంటి సరళమైన ఒప్పందాలకు 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ఒక సూత్రాన్ని ప్రచురించారు. మామూలు శాస్త్రీయ కాలిక్యులేటర్‌తో కూడా దాన్ని లెక్కకట్టవచ్చు. కానీ ఒప్పందం నాలుగైదు షేర్ల ధరల మీద ఒకేసారి ఆధారపడితే, అలాంటి సూత్రం చాలాసార్లు దొరకదు. 1977లో ఫెలిమ్ బాయిల్ మరో దారి చూపాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో లాస్ అలమోస్ అణుశాస్త్రజ్ఞులు రూపొందించుకున్న మాంటే కార్లో పద్ధతిని ఆప్షన్లకు వర్తింపజేశాడు. యాదృచ్ఛిక సంఖ్యలతో భవిష్యత్తును వేల సార్లు ఊహించాలి. ఒక్కో ఊహలో హక్కుదారుకు ఎంత వస్తుందో రాసుకోవాలి. వాటి సగటును నేటి విలువలోకి మార్చాలి. అంతే.

ఇబ్బంది ఎక్కడంటే, ఈ సగటులోని దోషం ప్రయత్నాల సంఖ్యకున్న వర్గమూలాన్ని బట్టి మాత్రమే తగ్గుతుంది. 10,000 ప్రయత్నాలకు జవాబు రూపాయి అటూ ఇటూగా ఉందనుకుందాం. ఆ తేడా పది పైసలకు దిగాలంటే 10 లక్షల ప్రయత్నాలు కావాలి. పది రెట్ల ఖచ్చితత్వానికి నూరు రెట్ల పని! పెద్ద బ్యాంకు దగ్గర ఇలాంటి ఒప్పందాలు వేలల్లో ఉంటాయి. మార్కెట్ కదిలితే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఒక ఊరట మాత్రం ఉంది. ఒక ప్రయత్నానికీ మరో ప్రయత్నానికీ సంబంధం లేదు కాబట్టి, వరికోతకు కూలీలను పెట్టినట్టు పనిని వంద యంత్రాలకు పంచవచ్చు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరమవుతుంది.

యంత్రం భాష నుంచి మనిషి భాషకు

1950ల మొదట్లో ప్రోగ్రాము రాయడమంటే యంత్ర సంకేతాలతోనో, వాటికి అతి దగ్గరి సంకేతాలతోనో కుస్తీ పట్టడమే. ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం 1957లో ఐబీఎం 704 యంత్రానికి ఫోర్ట్రాన్ అందించింది. బీజగణిత సమీకరణంలా రాసిన వాక్యాన్ని అదే యంత్ర సంకేతాలుగా మార్చేది. ప్రోగ్రామర్లకయ్యే ఖర్చు యంత్రం ఖర్చుకు తీసిపోదన్న గ్రహింపు దీని వెనుక ఉంది. అంటే మొదటి మెట్టు జాలితో కాదు, ఖర్చు లెక్కతో పడింది. అయినా కార్డుల కట్ట కౌంటర్లో ఇచ్చి ఫలితం కోసం గంటలకొద్దీ ఎదురుచూడటం తప్పలేదు.

డార్ట్‌మత్ కళాశాల గణిత ఆచార్యులు జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్‌ల ఆలోచన ఇంకా విశాలమైంది. తమ విద్యార్థుల్లో ఎక్కువమంది సైన్సు చదివేవారు కారు. రేపు సంస్థల్లో, ప్రభుత్వంలో నిర్ణయాలు చేసేది వారే అయినప్పుడు కంప్యూటర్ వారికి తెలియకపోతే ఎలా? 1964 మే 1 తెల్లవారుజామున అక్కడ బేసిక్ భాషలో మొదటి ప్రోగ్రాములు నడిచాయి. ఒకే యంత్రాన్ని పలువురు టెర్మినళ్ళ ముందు కూర్చుని ఒకేసారి వాడుకునే ఏర్పాటు కూడా దానితోపాటే వచ్చింది.

నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా తోచేది న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో క్లీవ్ మోలర్ చేసిన పని. మాత్రికల లెక్కలకు ఐస్‌ప్యాక్, లిన్‌ప్యాక్ అనే మేలైన ఫోర్ట్రాన్ ప్రోగ్రాముల లైబ్రరీలను 1970లలో తయారుచేసినవారిలో ఆయన ఒకరు. అవి ఉన్నా విద్యార్థులకు అందుబాటులో లేవు. చిన్న మాత్రికను పరిష్కరించాలన్నా ఫోర్ట్రాన్ నేర్చుకోవాలి, ప్రోగ్రాము రాసివ్వాలి, ఎదురుచూడాలి. తన విద్యార్థులకు ఈ బాధ తప్పించడానికి మోలర్ ఒక చిన్న పనిముట్టు రాశాడు. మాత్రికను టైపు చేస్తే చాలు, జవాబు వెంటనే తెర మీదికి వస్తుంది. అదే మాట్‌లాబ్. 1984లో అది వ్యాపార సరుకైంది, తర్వాత ఆర్థిక సంస్థల్లోకీ ప్రవేశించింది. మోలర్ లెక్కల వేగాన్ని పెంచలేదన్నది గమనించండి. పాత ఫోర్ట్రాన్ ప్రోగ్రాములే లోపల పనిచేశాయి. మారింది వాకిలి మాత్రమే.

ఇదే కాలంలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ విద్యార్థి డాన్ బ్రిక్లిన్ మరో వాకిలి కనిపెట్టాడు. నల్లబల్ల మీద గడులు గీసి వేసిన లెక్కలో ఒక్క అంకె మారితే, దాని మీద ఆధారపడినవన్నీ చెరిపి మళ్ళీ రాయాలి. ఆ పని యంత్రమే చేస్తే? బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ కలిసి తయారుచేసిన విసికాల్క్ 1979లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద అమ్మకానికి వచ్చింది. గుమాస్తాలకు తరతరాలుగా తెలిసిన అడ్డు, నిలువు వరుసల లెక్కల కాగితం రూపాన్నే అది తీసుకుంది. ఫలానా ఖర్చు పెరిగితే లాభం ఏమవుతుందన్న ప్రశ్నను విశ్లేషకుడు ఇప్పుడు ప్రోగ్రామర్‌ను బతిమాలకుండా తానే వేసుకోగలిగాడు.

పనిని పంచిన యంత్రాలు

కానీ స్ప్రెడ్‌షీట్ ఒక బల్ల మీది యంత్రానిది. 10 లక్షల ప్రయత్నాలంటే అది మొరాయించేది. అప్పట్లో పెద్ద లెక్కలకు 1976 నాటి క్రే-1 వంటి యంత్రాలుండేవి. వాటి ధర లక్షల డాలర్లలో. 1994లో నాసా గొడ్డార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ మామూలు కంప్యూటర్ల మాదిరి 16 ప్రాసెసర్లను తీగలతో కలిపి బేవుల్ఫ్ అనే సముదాయాన్ని నిర్మించారు. మన దేశంలో సీ-డాక్ 1991లోనే పరమ్ 8000తో ఈ సమాంతర మార్గం పట్టింది. 2006లో అమెజాన్ ఇలాంటి యంత్రాలను గంటకు 10 సెంట్ల నుంచి అద్దెకివ్వడం మొదలుపెట్టింది. కొంతకాలానికే ఎన్విడియా, ఆటల బొమ్మలు గీసే చిప్‌లను మామూలు లెక్కలకు వాడుకునే కుడా అనే ఏర్పాటును విడుదల చేసింది. ముందు చెప్పిన వరికోత లాంటి పనికి ఇవన్నీ చక్కగా సరిపోయేవే.

చౌకదనం వచ్చినా సులువు రాలేదు. పనిని యంత్రాల మధ్య పంచి, సందేశాలు పంపించి, ఫలితాలు పోగుచేసే ప్రోగ్రాము రాయడం నిపుణుల పనిగానే మిగిలింది. 2015లో మొదలైన జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ ఏర్పాటైంది. ఇలాంటి యంత్రాల మీద ఇప్పటికీ పనిని ఆదేశాల ఫైలుగా రాసి వరుసలో పెట్టి ఎదురుచూస్తారు. కార్డుల కట్ట పోయింది కానీ వరుస పోలేదు!

విశ్లేషకుడు తానే రాసుకున్న పనిముట్టు

2008లో ఏక్యూఆర్ అనే అమెరికన్ పెట్టుబడి సంస్థలో పనిచేస్తున్న వెస్ మెకిన్నీ, తన రోజువారీ పనికోసం పైథాన్ భాషలో ఒక లైబ్రరీ రాయడం మొదలుపెట్టాడు. దాని పేరు పాండాస్. ఆర్థికగణాంక శాస్త్రంలోని ప్యానెల్ డేటా అన్న మాట నుంచి వచ్చిన పేరది, జంతువుతో సంబంధం లేదు. సమస్య చిన్నదిగా కనిపిస్తుంది. ముంబై, న్యూయార్క్ మార్కెట్లకు సెలవులు వేరు. రెండు ధరల పట్టికలను పక్కపక్కన పెడితే ఒక తేదీ ధర ఇంకో తేదీ ధరతో కలిసిపోతుంది. పాండాస్ ప్రతి అంకెకూ దాని తేదీని అంటిపెట్టి, తేదీలను తానే జతపరుస్తుంది. 2009 చివర్లో దాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేశారు. దీని అడుగున నంపై ఉంది. నంపైలో మాత్రికల లెక్కలు చేసేవి లాప్యాక్ ప్రోగ్రాములు. అవి మోలర్ నాటి ఐస్‌ప్యాక్, లిన్‌ప్యాక్‌ల వారసులే. ఇవాళ మీరు ఇంట్లో రాసే రెండు పంక్తుల కింద యాభై ఏళ్ల శ్రమ ఉంది.

వాకిలి సులువైతే లోపల జరిగేది కనిపించదు. 2010లో ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ ఒక పత్రం ప్రచురించారు. ప్రభుత్వ రుణం జాతీయోత్పత్తిలో 90 శాతం దాటిన సంపన్న దేశాల సగటు వృద్ధి -0.1 శాతమని అందులో ఉంది. యూరప్, అమెరికాల్లో ప్రభుత్వ ఖర్చు తగ్గించాలని వాదించినవారు దాన్ని ఉదహరించారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి థామస్ హెర్న్‌డన్‌కు తన కోర్సు పని కోసం ఆ లెక్క ఎంతకీ కుదరలేదు. రచయితలను అడిగి వారి ఎక్సెల్ ఫైలు తెప్పించుకున్నాడు. సగటు తీసిన గడుల్లో ఐదు దేశాలు చేరనేలేదు! 2013లో తన ఆచార్యులతో కలిసి చేసిన సవరణలో ఆ సగటు 2.2 శాతంగా తేలింది. న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ తేడాలో గడుల పొరపాటు వాటా చిన్నది, కొన్ని సంవత్సరాల వివరాలను వదిలేయడం, దేశాలకిచ్చిన ప్రాధాన్యం లెక్కించిన తీరు ఎక్కువ కారణాలు. కానీ వాటన్నిటినీ ఒక విద్యార్థి పట్టుకోగలిగాడంటే, పండితులు వాడిన పనిముట్టే అతని బల్ల మీదా ఉండబట్టే.

అభ్యాసం: స్ప్రెడ్‌షీట్‌లో రాండ్ ఫంక్షన్‌తో 100 గడుల్లో యాదృచ్ఛిక సంఖ్యలు నింపి సగటు తీయండి. ఎఫ్9 మీట పదిసార్లు నొక్కి, ప్రతిసారీ సగటు 0.5కు ఎంత దూరంలో ఉందో రాసుకోండి. తర్వాత 10,000 గడులతో అదే చేయండి. మొదటిసారి తేడాలు చాలావరకు 0.03 అటూ ఇటూగా, రెండోసారి 0.003 అటూ ఇటూగా కనిపించాలి. కనిపించకపోతే ముందు మీ సగటు ఏ గడి నుంచి ఏ గడి దాకా ఉందో చూసుకుని, ఆ పట్టికతో కౌన్సెలింగ్ తరగతికి రండి.