ర్యాండమ్ నంబర్లు: కంప్యూటర్ చీటీ ఎలా తీస్తుంది?

ముందుగా ఎవరూ ఊహించలేని సంఖ్యను యాదృచ్ఛిక సంఖ్య అంటారు. వాడుకలో ర్యాండమ్ నంబర్. బ్యాంకు నుంచి ఫోనుకు వచ్చే ఓటీపీకి ఇదే ఆధారం. వాట్సాప్ సందేశాలకు పడే రహస్య తాళానికీ ఇదే. ఎన్నికలప్పుడు మన ధర్మపురి కలెక్టరాఫీసులో ఏ ఈవీఎం ఏ బూత్‌కు పోవాలో, ఏ టీచరుకు ఎక్కడ డ్యూటీ పడాలో తేల్చేది కూడా కంప్యూటర్ చేసే ఇలాంటి ఎంపికే.

కంప్యూటర్ రాకముందు చీటీలుండేవి. కాంచీపురం జిల్లా ఉత్తిరమేరూరులో, మొదటి పరాంతక చోళుడి కాలంలో, అంటే సుమారు 1,100 ఏళ్ళ కిందట చెక్కిన శాసనాల్లో ఊరి సభ్యులను ఎన్నుకునే కుడవోలై పద్ధతి వివరంగా ఉంది. పేర్లు రాసిన తాటాకు చీటీలను కుండలో వేసి, కుండను అందరికీ కనబడేలా ఎత్తి చూపి, లోపల ఏముందో తెలియని చిన్నపిల్లవాడిచేత తీయించేవాళ్ళు. చీటీ అందుకునే మధ్యస్థుడు ఐదు వేళ్ళూ బాగా చాచి అరచేతిలో తీసుకోవాలి. ఎందుకంటారా? వేళ్ళ సందున ఇంకో చీటీ దాచుకోకుండా! కుండలో చీటీలు బాగా కలిస్తే చాలదు, మధ్యలో ఎవరి చేతివాటమూ ఉండకూడదని వాళ్ళకు తెలుసు.

కంప్యూటర్‌తో చిక్కేమిటంటే, అది చెప్పింది చెప్పినట్టే చేస్తుంది. ఒకే లెక్క ఇస్తే ఎన్నిసార్లయినా ఒకే జవాబు. అందుకని కలగలిసినట్టు కనబడే వరుసను సూత్రంతో పుట్టిస్తారు. అమెరికా గణితవేత్త లెహ్మర్ 1949లో ప్రతిపాదించిన పద్ధతి నుంచి వచ్చిన చిన్న లెక్క ఒకటి నోటుబుక్కులో చేసి చూడండి. సంఖ్యను 5తో గుణించి, 3 కలిపి, 16తో భాగించి శేషం తీసుకోవాలి. ఆ శేషంతో మళ్ళీ అదే పని. 7తో మొదలుపెడితే 6, 1, 8, 11, 10, 5, 12, 15, 14, 9, 0, 3, 2, 13, 4 వచ్చి మళ్ళీ 7కే చేరతాం. బాగానే కలిసినట్టుంది కదా? ఇంకోసారి చూడండి: బేసి, సరి, బేసి, సరి... ఎక్కడా తప్పలేదు.

మొదటి సంఖ్యను సీడ్, అంటే విత్తనం అంటారు. సూత్రం పెద్దదయితే బేసి-సరి లాంటి లోపాలు కనబడవు, విత్తనం సమస్య మాత్రం పోదు. పదకొండో తరగతి సీ++లో విత్తనం ఇవ్వకుండా ‘ర్యాండ్’ పిలిస్తే నడిపిన ప్రతిసారీ అదే వరుస వస్తుంది. గడియారం సమయాన్ని విత్తనంగా ఇవ్వడం మామూలు. పాములు-నిచ్చెనల ఆటకు అది చాలు, పాస్‌వర్డ్‌కు చాలదు. రోజుకు ఉన్నవి 86,400 సెకన్లే. ఏ రోజు చేశారో తెలిస్తే అన్నిటినీ ప్రయత్నించడం కంప్యూటర్‌కు పెద్ద పనేం కాదు.

ఇక్కడ రెండు అవసరాలను వేరుచేసి చూడాలి. సర్వేలకు, గణాంకాలకు సంఖ్యల్లో పక్షపాతం లేకపోతే చాలు. 1927లో టిప్పెట్ 41,600 అంకెల పట్టికను అచ్చు వేశాడు. తెలుగువాడైన సి.ఆర్. రావు (1920–2023) లాంటి గణాంక శాస్త్రవేత్తల తొలి రోజుల్లో అలాంటి పట్టికలే సాధనం. రహస్యానికి ఆ పుస్తకం పనికిరాదు, దొంగ కూడా కొనుక్కోగలడు కాబట్టి! పైథాన్ ‘ర్యాండమ్’ మాడ్యూల్ కూడా ఆ కోవలోదే. దాని వెనకున్న మెర్సెన్ ట్విస్టర్ నుంచి 32 బిట్ల సంఖ్యలు వరుసగా 624 చూసినవాడు తర్వాతివన్నీ చెప్పగలడు.

ఇది ఒట్టి భయం కాదు. 2006లో డెబియన్ లినక్స్‌వాళ్ళు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హెచ్చరికలు వస్తున్నాయని కొంత కోడ్ తీసేశారు. దాంతో విత్తనంలో ప్రాసెస్ నంబరు తప్ప మారేది మిగల్లేదు. వాటి సంఖ్య గరిష్ఠంగా 32,768. అంటే ఒక్కో రకం తాళంలో ఉండగలిగినవి దాదాపు అన్నే. 2008 మేలో బయటపడేదాకా, ఇంచుమించు రెండేళ్ళు, ఆ తాళాలతోనే సర్వర్లు నడిచాయి.

అసలైన యాదృచ్ఛికత బయటి ప్రపంచం నుంచి రావాలి. కీబోర్డు నొక్కుల మధ్య సూక్ష్మమైన కాలం తేడాలు, పరికరాల నుంచి వచ్చే సంకేతాలు, చిప్‌లోని విద్యుత్ అలజడి, వీటన్నిటినీ ఆపరేటింగ్ సిస్టమ్ పోగుచేసి, కలిపి, విత్తనంగా వాడుతుంది. లినక్స్‌లో ఈ ఏర్పాటు 1994 నుంచి ఉంది. 2012 నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలోనే అలాంటి సర్క్యూట్ పెడుతున్నారు. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ అయితే శాన్ ఫ్రాన్సిస్కో ఆఫీసులో లావా దీపాల గోడ కట్టి, వాటిలో కదిలే మైనాన్ని కెమెరాతో తీసి వాడుకుంటోంది. చూడముచ్చటగా ఉంటుంది గానీ, మన ఫోనుకు ఆ అవసరం లేదు.

పన్నెండో తరగతి ప్రాజెక్టులో ఓటీపీ పెట్టేవాళ్ళు ‘ర్యాండమ్’ బదులు, పైథాన్ 3.6 నుంచి వస్తున్న ‘సీక్రెట్స్’ మాడ్యూల్ తీసుకోండి. అందులోని ‘ర్యాండ్‌బిలో’కు 10 లక్షలు ఇస్తే 0 నుంచి 9,99,999 లోపు ఒక సంఖ్య వస్తుంది. చిన్న సంఖ్య వస్తే ముందు సున్నాలు చేర్చి ఆరంకెలు చేయడం మరవొద్దు.