ఆటిజం పిల్లల ఇంద్రియ అవసరాలు, బడి తోడ్పాటు: చరిత్ర

ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి చప్పుడు, వెలుతురు, వాసన, స్పర్శ మిగతావారి కన్నా మరీ ఎక్కువగానో, మరీ తక్కువగానో తెలుస్తాయి. బడి గంట చెవిలో పొడిచినట్టుంటుంది, చొక్కా మెడ వెనక లేబులు రోజంతా గీరుతూనే ఉంటుంది. అలాంటి పిల్లల కోసం బడి చేసే సర్దుబాట్లే ఇంద్రియపరమైన తోడ్పాటు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకోనివ్వడం, మైకు ముందు జరిగే ప్రార్థనకు దూరంగా నిలబడనివ్వడం, మధ్యలో లేచి తిరగనివ్వడం, తట్టుకోలేనప్పుడు కూర్చోవడానికి సందడి లేని ఒక మూల చూపించడం వంటివన్నీ ఇందులోకి వస్తాయి. వీటిలో చాలావాటికి పైసా ఖర్చుండదు, టీచరు ఒప్పుకుంటే చాలు.

1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పనిచేసిన లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన తొలి వ్యాసంలోనే ఈ సంగతి ఉంది. వాక్యూమ్ క్లీనర్‌కు, లిఫ్టుకు, గుడ్లు గిలక్కొట్టే పరికరానికి సైతం వాళ్లలో కొందరు హడలిపోయేవారని ఆయన గమనించాడు. తరవాతి వైద్యుల దృష్టి మాత్రం మాట, కలివిడితనాల మీదే నిలిచింది. నిర్ధారణ లక్షణాల పట్టికలో ఇంద్రియ ప్రతిస్పందనలు చేరింది 2013లో, అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5తో. ఆ 70 ఏళ్లూ తరగతిలో చెవులు మూసుకున్న పిల్లవాడు మొండివాడిగానే లెక్కకొచ్చాడు.

చట్టం కాస్త ముందే కదిలింది. వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ ఉచిత విద్య, విడిగా రాతపూర్వక ప్రణాళిక (ఐఈపీ) ఇవ్వాలని అమెరికా 1975లో శాసించింది. 1990లో అందులో ఆటిజాన్ని పేరు పెట్టి చేర్చింది. ఆ చట్టం ప్రకారం చదువుకు అవసరమైతే ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు చేసుకోవడానికి ఇచ్చే శిక్షణ) కూడా బడే సమకూర్చాలి. ఆ థెరపిస్టుల వెంట, ఇంద్రియాల సమాచారాన్ని మెదడు సమన్వయం చేసుకునేలా శిక్షణనిచ్చే 'సెన్సరీ ఇంటిగ్రేషన్' పద్ధతి బడుల్లోకి వచ్చింది. కాలిఫోర్నియాకు చెందిన ఎ. జీన్ ఎయర్స్ 1972 నాటి పుస్తకంలో దాన్ని వివరించింది. ఊయలలూ బరువైన కోట్లూ అలా వచ్చినవే. చికిత్సగా దీనికి ఆధారాలు పరిమితమని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లో చెప్పింది. ఆ మాటను పట్టుకుని హెడ్‌ఫోన్లు కూడా వద్దనడం తప్పు. పిల్లవాణ్ణి మార్చడానికి చేసే చికిత్స వేరు, గదిలో చప్పుడు తగ్గించడం వేరు.

భారతదేశంలో 1995 వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో దానికి చోటు దొరికింది. 21 వైకల్యాలను గుర్తించిన 2016 వికలాంగుల హక్కుల చట్టం ఒక్కో విద్యార్థి అవసరానికి తగ్గ సర్దుబాట్లను బడుల బాధ్యత చేసింది. సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (నేటి ఎన్ఐఈపీఐడీ) ఆటిజాన్ని అంచనా వేయడానికి రూపొందించిన ఐఎస్ఏఏ కొలమానం డీఎస్ఎం-5 కన్నా ముందుది. దానిలోని 40 అంశాలను ఆరు భాగాలు చేస్తే, అందులో ఒకటి పూర్తిగా ఇంద్రియాలదే. అయితే ఆ మార్కులన్నీ కలిసి వైకల్య సర్టిఫికెట్‌లో ఒక శాతంగా మారతాయి. ఏ చప్పుడు పడదో, ఏ బట్ట గీరుతుందో అందులో కనబడదు. అది తల్లిదండ్రులే విడిగా కాగితం మీద రాసి హెడ్మాస్టరుకు ఇచ్చుకోవాలి.

తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. మామూలు బడుల్లో ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో లెక్క కట్టి చెప్పింది.